విస్కీయు చుట్టయు: ఒక సాంగత్య విచారణ

ఒక చేత విస్కీ గ్లాసును, రెండవచేత వెలిగించిన పొగచుట్టను ధరించి సాయంసమయమును గడపుట ఒక రసవిద్య యనియు, ఏ విస్కీకి ఏ చుట్ట తోడగునో నిర్ణయించుటకు నియమములు గలవనియు పాశ్చాత్య భోగులు చిరకాలమునుండి చెప్పుచున్నారు. ఆ విద్య నేడు మన నగరములకును వచ్చినది. తెలుగువాడు దీనిని పరదేశపు విలాసముగా నెంచి తొలగిపోవుటకు వీలులేదు. ఏలయన, చుట్టలకు పేరుదెచ్చిన ఆకులలో నొకటి మన గోదావరి లంకలలో పండినది. మద్యసారమునకు మూలమైన చెరకును, జొన్నయు, మొక్కజొన్నయు మన నేలలలో పండుచున్నవి. పొగవలన నోటికి కలుగు హానిని గూర్చి ప్రపంచము నేర్చుకొన్న పాఠములలో ఒక ముఖ్యమైన పాఠము తెలుగు పల్లెలనుండియే లభించినది.

సంగారెడ్డి మొదలుకొని పటాన్‌చెరు వరకు వ్యాపించిన పారిశ్రామిక మండలము ఈ విచారణకు మిక్కిలి యనువైన స్థానము. అచట చెరకు తోటలును చక్కెర మిల్లులును గలవు. బీరు కర్మాగారములు గలవు. జొన్నపై అంతర్జాతీయ పరిశోధన జరుగు క్షేత్రము గలదు. మద్యసారమును పానీయముగా గాక ద్రావకముగా వినియోగించు ఔషధ కర్మాగారములు గలవు. పగలెల్ల శ్రమించి, పొద్దు క్రుంకగానే గ్లాసునో పొగనో రెండింటినో కోరు శ్రామికజనము గలదు. ఈ వ్యాసమున మొదట ఆకు పుట్టుకను, పిదప సారము పుట్టుకను, అటుపిమ్మట వాని కూర్పులోని రుచి రహస్యమును, తుదకు ఆ కూర్పు దేహమునందు చేయు పనిని విచారింతము.

పొగాకు మన దేశపు మొక్క కాదు. పోర్చుగీసువారు దానిని అమెరికా ఖండమునుండి తెచ్చి పడమటి తీరమున దింపగా అది దక్కనులో త్వరగా వేళ్లూనెను. అక్బరు చక్రవర్తి దూతయైన అసద్‌బేగ్ బిజాపురమున దీనిని చూచి, 17వ శతాబ్ది ప్రారంభమున మొగలు సభకు కానుకగా గొనిపోయెను. 1617లో జహంగీరు ధూమపానమును నిషేధించెను. నిషేధము నిలువలేదు, మొక్క మాత్రము నిలిచెను. తెలుగుదేశమున దానికి దొరికిన ఉత్తమ స్థానము గోదావరి లంకలు. వర్షకాలమున వరదనీరు లంకలను ముంచి, తీయునప్పుడు మెత్తని ఒండ్రును విడిచిపోవును. ఆ క్రొత్త మట్టిలో నాటిన మొక్క చలికాలమెల్ల పెరిగి, దళసరియైన, ఘాటైన ఆకునిచ్చును. దానిని కొలిమి బార్నులలో పండింపక, గాలికి ఎండకు ఆరవేసి, కుప్పలుగా పేర్చి ఊరబెట్టుదురు. గుంటూరు ప్రాంతమున 1920ల దశకమునుండి విస్తరించిన వర్జీనియా పొగాకు సిగరెట్టునకు చెందినది. లంకాకు చుట్టకు చెందినది. ఈ రెండు మార్గములును చివరవరకు వేరుగానే సాగినవి. సిగరెట్టు మార్గము హైదరాబాదు ఆజమాబాదులోని వజీర్ సుల్తాన్ కర్మాగారమును, దాని చార్మినార్ పెట్టెను చేరగా, చుట్ట మార్గము కాకినాడ రేవునుండి ఓడలెక్కి బర్మాకు పోయెను. 1890లో వెలువడిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో ఆర్థర్ కానన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్ నోట మన లంక చుట్ట పేరు పలికించుట, ఆ ఆకు కీర్తి ఎంత దూరము వ్యాపించెనో తెలుపుచున్నది. పొగాకుపై శాస్త్రపరిశోధన కొరకు 1947లో కేంద్ర సంస్థను నెలకొల్పదలచినపుడు రాజమహేంద్రవరమును ఎన్నుకొనుటయు నిష్కారణము కాదు.

సాహిత్యమునను చుట్టకు స్థానము తక్కువైనది కాదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శితమై, 1909లో సమగ్రముగా పునారచితమై వెలువడినది. అందలి గిరీశమునకు చుట్ట విడరాని చెలికాడు, సారా దుకాణపు రంగమును అందే కలదు. ధూమమును మధువును మన సంఘమున ఒకే గడపలో నివసించెనని ఆ మహానాటకము నాడే చూపినది. కావున ఈ జోడింపు స్కాట్లాండునుండి మనకు దిగుమతియైన క్రొత్త వింతయని తలచుట చరిత్రను మరచుటయే యగును.

ఇక సారము సంగతి. తెలంగాణమున తాటికల్లును ఈతకల్లును తరతరముల పానీయములు. ఇప్పపూవునుండి బట్టీపట్టిన సారా అటవీ ప్రాంతముల పానీయము. నిజాము ప్రభుత్వపు ఖజానాకు ఆబ్కారీ ఒక ప్రధానాదాయము. 1930ల చివర బోధనులో నిజాము చక్కెర కర్మాగారము నెలకొనినపిమ్మట చెరకు రసమునుండి చక్కెర తీయగా మిగిలిన నల్లని మడ్డి, అనగా మొలాసిస్, మద్యసారమునకు సమృద్ధియైన ముడిపదార్థమయ్యెను. జహీరాబాదు పరిసరముల చెరకుసాగువలనను, సంగారెడ్డి సమీపమున ఫసల్‌వాది చక్కెర మిల్లువలనను ఈ మండలమును ఆ గొలుసులో ఒక కొలికి యైనది. మొలాసిస్‌ను పులియబెట్టి, ఎత్తైన బట్టీ స్తంభములలో మరల మరల ఆవిరిజేసి, వాసనయు రుచియు దాదాపు తొలగిన సారమును తీయుదురు. దానికి కొంత మాల్టు సారమును, రంగుకొరకు మాడిన చక్కెరను చేర్చి, నూటికి 42.8 పాళ్ల బలమునకు తగ్గించినదే మన దుకాణములలో చిరకాలముగా విస్కీ యను పేర నమ్ముడుపోవు పానీయములలో అధికభాగము. ధాన్యసారముతో చేయునవియు ఇటీవల హెచ్చినవి. స్కాట్లాండు చట్టము ప్రకారము విస్కీ ధాన్యమునుండియే పుట్టవలెను, ఓకు పీపాయిలలో మూడు సంవత్సరములకు తక్కువగాక నిలువవలెను, నూటికి 40 పాళ్లకు తక్కువ బలము కలిగియుండరాదు. ఆ కొలతచేత మన మొలాసిస్ విస్కీ జన్మమునుబట్టి విస్కీకంటె రమ్మునకే దగ్గర బంధువు. ఈ సత్యమును గుర్తింపక జోడింపు నియమములను వల్లించువారు మొదటి మెట్టునే తప్పుచున్నారు.

ధాన్యపు విస్కీకి ఈ నేల పనికిరాదా యను ప్రశ్న కలుగవచ్చును. యవలు ఉత్తరదేశపు పంట. మన పంట జొన్న. 1972లో పటాన్‌చెరులో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ పంటలను ప్రధానముగా గ్రహించి మెట్టరైతు కొరకు పరిశోధన సాగించుచున్నది. దాని తీపిజొన్న సంకరములలో కంకి గింజనిచ్చును, కాండము చెరకువలె రసమునిచ్చును. కూడునకు లోటు రాకయే సారము తీయుటకు వీలగునన్నది శాస్త్రజ్ఞుల ఆశ. ఆ ఆశతోనే సంగారెడ్డి ప్రాంతమున మహమ్మద్‌షాపురములో రుస్ని డిస్టిలరీ ఇక్రిశాట్ సహకారముతో 2007లో తీపిజొన్ననుండి ఇథనాలు తీయుట ఆరంభించెను. కోసిన కాండమును వెంటనే గానుగాడనియెడల రసములోని చక్కెర తరిగిపోవుట, కోతకాలము స్వల్పమగుట ఈ మార్గమునకు సహజ విఘ్నములు. చీనాదేశమున మావొతాయి మొదలైన ప్రసిద్ధ మద్యములు జొన్ననుండియే పుట్టుచున్నవి. కావున జొన్నకు రసయోగ్యత లేదనుట సరికాదు. మన జొన్నసారమును ఓకులో నిలువచేసి సహనముతో పరిశీలించు ప్రయత్నము జరిగినచో దక్కనునకు స్వంతమైన రుచి యొకటి వెలయవచ్చును.

ఈ రెండు పదార్థములు ఎందుచేత కూడునో ఇప్పుడు చూతము. రుచి యనునది నాలుకకు మాత్రమే చెందినది కాదు. నోటినుండి వెనుకదారిని ముక్కునకు చేరు గంధమే అందులో పెద్దపాలు. ఓకు పీపాయిలోపలి తట్టును కాల్చినపుడు కొయ్యలోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ మొదలగు తీపివాసనలు పుట్టును. కొబ్బరిని తలపించు లాక్టోనులును దిగును. స్కాట్లాండు పశ్చిమద్వీపములలో మాల్టును పీట్ పొగలో ఆరబెట్టినపుడు ఫీనాలు, క్రెసాలు, గ్వయకాలు మొదలగు ధూమగంధములు గింజకు అంటును. ఈ గంధములలో అనేకములు వెలిగిన పొగాకు ఆకునుండియు లేచును. ఆకును ఊరబెట్టుకాలమున అమోనియా వెడలిపోయి, చక్కెరలును మాంసకృత్తులును ఒండొంటితో కలియుటవలన వేచిన గింజలను, కోకోను తలపించు వాసనలు జనించును. కాల్చిన పీపాయియు అట్టి వాసనలనే యిచ్చును. ఒకే బంధువర్గపు అణువులు ఇరుప్రక్కలనుండి ముక్కును చేరుటచేత అవి అపరిచితములవలె ఢీకొనక కలిసిపోవును. ఇది భోగుల కల్పన కాదు, రసాయనమున ఆధారముగల సంగతి.

ఈ ఆధారముపై రసికులు నిర్మించిన నియమములను మూడు సూత్రములుగా చెప్పవచ్చును. మొదటిది బలసామ్యము: పల్చని చుట్టకు పల్చని విస్కీయే తోడు కావలెను. అమెరికా బూర్బన్ నిలువయుండిన పీపాయిలలో పెరిగిన స్పేసైడ్ విస్కీకి కనెక్టికట్ నీడలో పెరిగిన లేతవన్నె పైఆకు చుట్ట తగును. ఘాటైన లంకాకు దానిని మ్రింగివేయును. రెండవది సాదృశ్యము: ఎండుద్రాక్షను తలపించు షెర్రీ పీపాయి విస్కీకి, చిరకాలము ఊరి నల్లబడిన మదూరో చుట్ట తోడు. మూడవది వైరుధ్యము: చేదునకు తీపి యెదురునిలిచి ఒకదానినొకటి స్పష్టముచేయుట. పీట్ పొగ నిండిన ఐలే విస్కీలైన లాఫ్రోయిగ్, లాగవులిన్, ఆర్డ్‌బెగ్‌లను గూర్చి మాత్రము పండితులలో ఏకాభిప్రాయము లేదు. పొగకు పొగ తోడైనచో గాఢత హెచ్చునని కొందరును, రెండును కలిసి సూక్ష్మతను చంపునని కొందరును వాదింతురు. రెండవ వాదమే బలమైనదని నా అభిప్రాయము. ఒకే శ్రుతిలో రెండు వాద్యములు మిక్కిలి గట్టిగా మ్రోగినపుడు రాగము పెరుగదు, ధ్వని మాత్రమే పెరుగును.

మన ప్రాంతపు పదార్థములకు ఈ సూత్రములను అన్వయించినచో ఒక విశేషము తోచును. లంక చుట్ట ఘాటైనది, నల్లనిది. మన సాధారణ విస్కీ మొలాసిస్‌నుండి పుట్టినది. చెరకు మడ్డినుండి పుట్టిన రమ్మును నల్లని చుట్టకు జోడించుట క్యూబాదేశపు సంప్రదాయము. కావున తెలుగువాని జోడింపునకు పూర్వాచారము స్కాట్లాండులో గాక హవానాలో వెదుకవలెను. యవల విస్కీయే కావలెనన్నచో 1948లో బెంగుళూరున స్థాపితమై, 2004లో తన సింగిల్ మాల్టును గ్లాస్గోలో ప్రవేశపెట్టిన అమృత్ సంస్థవారి సృష్టులను పరిశీలింపవచ్చును. వారి ఫ్యూజన్ అను పానీయమున పీట్ పొగ తగిలిన స్కాట్లాండు యవలును, పొగ తగులని భారతీయ యవలును కలిసియున్నవి. ఆ మితధూమము మన లంకాకునకు సరిజోడు. శీతోష్ణస్థితియు ఇచట గణింపదగినదే. స్కాట్లాండు పీపాయినుండి ఏటేట నూటికి రెండు పాళ్ల సారము ఆవిరియై పోవునని లెక్క. దక్షిణ భారతమున ఆ నష్టము నూటికి పదిపాళ్లవరకు నుండును. అందుచేత మన విస్కీ త్వరగా పక్వమగును, త్వరగానే తరుగును. చుట్టకు గాలిలో తేమ 65నుండి 70 పాళ్లవరకు కావలెను. మంజీర నదీతీరపు వేసవిగాలిలో ఆకు పెళుసై చిట్లును, వానకాలపు ముసురులో బూజుపట్టును, వెచ్చదనమున పొగాకు పురుగు గ్రుడ్లు పొదుగును. దేవదారువంటి కొయ్యపెట్టెలో తేమను కాపాడు ఏర్పాటు లేకయే చుట్టలను దాచువాడు తన ధనమును పురుగులపాలు చేయుచున్నాడు.

ఇంతవరకు చెప్పినది సంపన్నుని జోడింపు. ఇదే జోడింపు పేదవాని చేతిలో వేరు రూపము ధరించినది. సంగారెడ్డి పల్లెల కల్లు కంపౌండులో గుడాలు నంజుకొని కల్లు త్రాగుచు బీడీ వెలిగించు రైతుకూలీయు, పాశమైలారపు పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి పర్మిటు రూములో క్వార్టరు సీసా నెదుట పెట్టుకొని సిగరెట్టు కాల్చు కర్మాగార శ్రామికుడును, ఒడిశా బీహారులనుండి వచ్చి ఖైనీ నలిపి నోట నుంచుకొని మద్యము త్రాగు వలసకూలీయు చేయుచున్నది సారముతో పొగాకును కలుపుటయే. వీరికి ఏ రసిక గ్రంథమును నియమములు చెప్పలేదు. అయినను ఆ కూర్పు వీరికి దొరికినది. ఇది రెండు పదార్థముల మధ్యనున్న ఆకర్షణకు మరొక నిదర్శనము. వ్యత్యాసమెల్ల పరిమాణమునందును, నిత్యత్వమునందును ఉన్నది. సంపన్నుడు వేడుకదినమున ఒక చుట్ట కాల్చగా, శ్రామికుడు ప్రతిదినమును అనేకమార్లు పొగత్రాగును. కావున నష్టమును అతడే యెక్కువ భరించును.

ఇపుడు దేహమునకు జరుగు పనిని చెప్పవలెను. ఈ వ్యాసమున ఇదియే ప్రధానము. సిగరెట్టు పొగ ఆమ్లగుణము కలది కనుక ఊపిరితిత్తులకు పీల్చిననే నికోటిను రక్తమునకు చేరును. చుట్టపొగ క్షారగుణము కలది కనుక పీల్చనవసరము లేకయే నోటి లోపలి పొరనుండి నికోటిను లోనికి పోవును. పొగను మ్రింగము గనుక మాకు హానిలేదను చుట్టప్రియుల వాదము ఇచటనే కూలిపోవుచున్నది. ఒక పెద్ద చుట్టలో ఒక సిగరెట్టు పెట్టెలోనున్నంత పొగాకు ఉండవచ్చును. ఆ పొగ యంతయు నోటిలోనే విహరించును. నోటికి పొగ చేయు కీడును లోకమునకు తెల్లముచేసిన పరిశోధనలలో ఒకటి మన శ్రీకాకుళము జిల్లాలో జరిగినది. నిప్పువైపును నోటిలో నుంచుకొని కాల్చు అడ్డపొగ ఆచారము ఆ తీరమున, ముఖ్యముగా స్త్రీలలో, ప్రబలియుండెను. పిండ్‌బోర్గ్, మెహతా మొదలైన శాస్త్రజ్ఞులు 10,169మంది పల్లెవాసుల నోళ్లను పరీక్షించి, అంగుటిపై ఆ వేడి పొగ కలిగించు మార్పులను 1971లో ప్రకటించిరి. ఆ శ్రీకాకుళపు అమ్మలు తెలియకయే ప్రపంచ వైద్యమునకు సాక్ష్యమిచ్చిరి.

పొగకు సారము తోడైనపుడు ఏమగునన్న ప్రశ్నకు 1988లో అమెరికాలో బ్లాట్ ప్రభృతులు జరిపిన పరిశోధన సమాధానమిచ్చినది. పొగను మద్యమును రెండింటిని అధికముగా సేవించువారికి నోటి, గొంతు పుండ్ల, అనగా క్యాన్సరు, అపాయము రెండింటిని ముట్టనివారికంటె 35 రెట్లకు మించినదని వారు కనుగొనిరి. విడివిడిగా చేయు కీడులను కూడినచో వచ్చు మొత్తముకంటె ఇది మిక్కిలి పెద్దది. దీనికి కారణము పటాన్‌చెరు మండలమున పనిచేయు ప్రతి రసాయనికునికిని పరిచితమే. ఔషధ కర్మాగారములలో ఇథనాలును ద్రావకముగా వాడుదురు; నీటికి లొంగని పదార్థములను కరగించి కోరినచోటికి చేర్చుటయే దాని పని. నోటిలోను అది ఆ పనినే చేయును: లోపలి పొరను సడలించి, పొగలోని నైట్రోసమైను మొదలగు విషములకు దారి యిచ్చును. సారము దేహమున అసిటాల్డిహైడుగా మారును, పొగలోను అదే పదార్థమున్నది. రెండును జన్యుద్రవ్యమును చెరచును. ఇందులో గమనింపదగిన గూఢసత్యమొకటి గలదు. విస్కీ చుట్టరుచిని ఏ గుణముచేత వికసింపజేయునో, అనగా గంధములను కరగించి నోటినిండ వ్యాపింపజేయు ఏ ద్రావకగుణముచేత రసికునకు ఆనందము కలుగునో, ఆ గుణమే హానికిని హేతువు. రుచిని నిలుపుకొని హానిని తొలగింప వీలులేకపోవుట ఇందువలననే.

మద్యమున ఏ స్వల్పప్రమాణమును సర్వథా నిరపాయము కాదని ప్రపంచారోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. భారతీయ పురుషులలో నోటి క్యాన్సరు అగ్రస్థానముననున్నది. 1955లో హైదరాబాదున స్థాపితమై మెహదీ నవాజ్ జంగ్ పేర వెలయుచున్న క్యాన్సరు వైద్యశాలకు ఏటేట వచ్చు పేదరోగులలో ఎందరో పొగాకు బాధితులు. చట్టము ఈ విషయమున మౌనముగా లేదు: 2003 నాటి పొగాకు చట్టమును, 2008 అక్టోబరు 2నుండి అమలైన నియమములును బహిరంగస్థలములలో ధూమపానమును నిషేధించినవి, 2024లో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రములను నిషేధించినది, 21 సంవత్సరములు నిండనివారికి మద్యమమ్మరాదు. అయినను చట్టముచేతనే వ్యసనము తొలగదని మన చరిత్రయే చెప్పుచున్నది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేవదీసిన ఉద్యమముచేత 1993లో సారాయు, 1995లో సమస్త మద్యమును నిషిద్ధములాయెను. 1997లో ఆ నిషేధము సడలెను. ఉద్యమము చూపిన నైతికబలము గొప్పది; చట్టము మాత్రము దానిని చిరకాలము మోయలేకపోయెను.

ఇట్లు నాలుగు వైపులను విచారించినపిమ్మట నా నిర్ణయమిది. విస్కీకిని చుట్టకును గల సాంగత్యము నిజమైనది, దాని సూత్రములు తెలిసికొనదగినవి, అందు తెలుగునేలకు గల భాగము గర్వింపదగినది. కాని తెలిసికొనుట వేరు, అలవరచుకొనుట వేరు. ఈ జోడింపును నిత్యాచారముగా, అధికముగా గొన్నవాడు ఎంత రసికుడైనను ఆ 35 రెట్ల లెక్కకు లోబడినవాడే. రెండింటిని ముట్టకుండుట ఉత్తమము. ముట్టుకొనుట తప్పనివారు రెండింటిని ఒకే పూట కలుపకుండుట మధ్యమము. సంగారెడ్డి, పటాన్‌చెరు కర్మాగారముల యజమానులకును కార్మికసంఘములకును నా విన్నపమొకటి గలదు: ప్రతి శ్రామికుని కంటిని, చెవిని పరీక్షించునట్లే సంవత్సరమునకొకమారు అతని నోటినికూడ దంతవైద్యునిచేత పరీక్షింపజేయుడు. తెల్లని మచ్చను, మానని పుండును ప్రారంభమున గుర్తించినచో ప్రాణము దక్కు నవకాశము మిక్కిలి హెచ్చు. ఆ పరీక్షకు కావలసినవి ఒక దీపము, ఒక చిన్న అద్దము, కొన్ని నిమిషముల కాలము మాత్రమే.